వరాలు మూత తీసిన బుట్ట

మన జిల్లాలోనే ఉంటూ కొల్లేరు చూడనివారు చాలామంది ఉన్నారు. మొన్న మాఘమాసం దాకా నేనూ వారిలో ఒకణ్ణే. వెళ్ళివచ్చాక కొట్టుకు వచ్చినవారల్లా "ఎలా ఉందండీ కొల్లేరు?" అని అడుగుతున్నారు. నోటితో చెప్పినప్పుడల్లా ఒక ముక్క మింగేస్తున్నాను. కాగితం మీద అయితే అలా మింగడం కుదరదని రాస్తున్నాను. చూసిన వింతలతోపాటు, అక్కడ నేను తల ఎత్తుకోలేకపోయిన సంగతి కూడా ఇందులో ఉంటుంది.

తాడేపల్లిగూడెం

మా కిరాణా కొట్టు వెనక తలుపు తీస్తే ఏలూరు కాలవ. మా అమ్మాయి వరలక్ష్మికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో వరాలు అంటాం. బడి నుంచి రాగానే పలక గూట్లో పడేసి కాలవ మెట్ల మీద కూర్చుంటుంది. నత్తలు, చేపపిల్లలు, ఎండ్రకాయలు, నీటి మీద పరుగెత్తే పురుగులు, అన్నిటితోనూ దానికి స్నేహమే. అవి ఏం తింటాయి, ఎక్కడ పడుకుంటాయి, వాటికి అమ్మా నాన్నా ఉంటారా అని అడుగుతూనే ఉంటుంది. ఒకసారి మా ఇంటావిడ బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే బతికున్న ఎండ్రకాయ తగిలింది. ఆవిడ కేకకు వీధి వీధంతా వచ్చింది.

ఒకనాడు వరాలు అడిగింది: "నాన్నా, ఈ నీళ్ళు ఆఖరికి ఎక్కడికి పోతాయి?"

"సముద్రంలోకమ్మా."

"నువ్వు చూశావా?"

నలభై ఏళ్ళొచ్చాయి. బెల్లానికి అనకాపల్లి దాకా, మిరపకాయలకు గుంటూరు దాకా వెళ్ళానుగాని సముద్రం చూడలేదు. ఆ మాట చెప్పలేక, "చిన్నప్పుడెప్పుడో చూశానే" అన్నాను. ఆ సాయంత్రం అది మెట్ల మీద కూర్చుని తనలో తను పాడుకుంటోంది:

కాలవా కాలవా ఎక్కడికే?
కడలమ్మ ఇంటికి పేరంటానికే.
కట్టుకుపోయే కోక ఏదే?
గట్టున ఉన్న పచ్చిక నాదే.

ఎవరూ నేర్పింది కాదు. దానికి అలా వస్తాయంతే. ఆ రాత్రి మా ఇంటావిడతో, "దీన్ని ఒకసారి సముద్రానికి తీసుకెళ్తాను" అన్నాను. నరసాపురం మీదుగా పోతే సుళువని అందరూ చెప్పారు. వరాలు ఒప్పుకోలేదు. నీళ్ళు వెళ్ళే దారినే వెళ్ళాలని పట్టుబట్టింది. అంటే ఏలూరు, అక్కణ్ణించి కొల్లేరు, అక్కణ్ణించి ఉప్పుటేరు, ఆపైన సముద్రం.

ఏలూరు

ఏలూరులో నేనూ వరాలూ మా తోడల్లుడిగారింట దిగాం. ఆయనది బట్టల వర్తకం. స్టేషను దగ్గర కాఫీ హోటల్లో అర్ధణాకు ఇచ్చిన కాఫీ, మా గూడెంలో అణా కాఫీ కంటే బాగుందని ఒప్పుకోక తప్పదు. తివాచీలు నేసే పాకలకు వరాలును తీసుకెళ్ళాను. మగ్గం ముందు వరసగా కూర్చుని, ఒకాయన రంగుల పేర్లు పాటలా చదువుతుంటే మిగతావాళ్ళు ముడులు వేస్తున్నారు. వరాలు చాలాసేపు చూసి, "వీళ్ళు చేపలు నెయ్యరా?" అని అడిగింది. "ఆకులూ పువ్వులూనేనమ్మా" అన్నాడాయన. "అయితే నీళ్ళు ఎండిపోయిన కొల్లేరు" అంది. వాళ్ళంతా నవ్వారు.

ఆ సాయంత్రం తోడల్లుడిగారి అరుగు మీద నలుగురు పెద్దమనుషులు చేరారు. నేను వరాలును పిలిచి కాలవ పాట చెప్పమన్నాను. దానికి అలా నిలబెట్టి చెప్పించడం ఇష్టం ఉండదు. అయినా గబగబా చెప్పేసి లోపలికి పోబోయింది. ఒకాయన, హైస్కూలు మేష్టారట, "ఎవరు రాసిచ్చారండీ?" అని నన్నే అడిగారు.

"దానిదేనండి. కాస్త సర్దుబాటు నేను చేశానులెండి" అన్నాను.

చేసింది ఏమీ లేదు. నోటికి వచ్చేసింది. కొట్టు మీద కూర్చునేవాడికి అలాంటి మాటలు కష్టపడకుండానే వస్తాయి. గుమ్మంలో నిలబడ్డ వరాలు వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు ఆ చూపును నేను లెక్కచెయ్యలేదు.

దోనెలో

ఏలూరు నుంచి బండి మీద కొల్లేటి అంచుకు చేరేసరికి ఎండ ఎక్కింది. మా తోడల్లుడిగారి ద్వారా ముందే కబురందుకున్న ముత్తయ్య అక్కడ దోనెతో ఉన్నాడు. కొల్లేటికోట వాడు. నలభై ఉంటాయి, నా ఈడే. "రండి బాబుగారూ, పాపగారిని మజ్జిన కూకోబెట్టండి" అని చెయ్యి అందించాడు. ఎక్కడంలో నా కొత్త గొడుగు నీళ్ళలో పడి బురదలోకి పోయింది. ఒక చెప్పు కూడా దాని వెంటే వెళ్ళింది. కొల్లేటికి నేను చెల్లించిన మొదటి సుంకం అది.

ఆ సరస్సును ఎలా చెప్పను? గట్టు కనబడదు. అయినా లోతు నడుము దాకానే. నీళ్ళకింద నాచు, పైన కలువలు, అక్కడక్కడా మనిషెత్తు కిక్కిస గడ్డి. ఆ గడ్డి పక్కకు తప్పుకున్నప్పుడల్లా వేలకొద్దీ పక్షులు లేస్తాయి. గూడబాతులు బరువుగా లేచి, ముక్కుకింద సంచీలు వేళ్ళాడేసుకుని మా తల మీదుగా పోయాయి. దూరాన తుపాకీ మోగింది. దొరలెవరో బాతుల వేటకు వచ్చారట. వరాలు చెవులు మూసుకుంది.

కాస్త పొద్దు వాలాక ముత్తయ్య దోనె తోసే గడ ఆపి వేలు పెదవి మీద పెట్టాడు. కిక్కిస దుబ్బు మీద ఒక నీటికుక్క పడుకుని ఉంది. పక్కన రెండు పిల్లలు ఒకదాన్నొకటి కరుచుకుంటూ దొర్లుతున్నాయి. తల్లి మమ్మల్ని చూసి పిల్లల్ని మెడపట్టి నీళ్ళలోకి దించి తనూ మునిగింది. తేలినప్పుడు దాని మీసాల నిండా నీటి చుక్కలు. వరాలు ఊపిరి బిగబట్టి చూస్తోంది. కొంతసేపటికి మెల్లగా అంది:

నీటికుక్క మీసాల్లో నిండా ముత్యాలు.
మునిగితే పోతాయి,
తేలితే వస్తాయి.

"ముత్యాలా?" ముత్తయ్య నవ్వాడు. "అది మా పాలిటి దొంగండి పాపగారూ. బుట్టలు చించేత్తాది, చేపలెత్తుకుపోద్ది. పిల్లలున్నాయని ఈ ఏడు వదిలేశానండి, లేపోతే ఈటెతో ఒక్కపోటు."

కొల్లేటికోట

కొల్లేటికోట నీళ్ళ మధ్య దిబ్బ మీది ఊరు. పెద్దింట్లమ్మ గుడి, చుట్టూ తాటాకిళ్ళు, ఇంటింటికీ ఒక దోనె. నడక వచ్చిన పిల్లలందరి మొలతాళ్ళకూ చిరుగంటలు కట్టి ఉన్నాయి. మా వైపు ముద్దుకు కడతాం. ఇక్కడ అలా కాదు. గంట చప్పుడు ఆగితే తల్లి చేతిలో పని పారేసి రేవుకు పరుగెత్తుతుంది.

ముత్తయ్య భార్య నాగమ్మ మాకు వేరే పొయ్యి, కొత్త కుండ సిద్ధం చేసి ఉంచింది. "మీరు నీసు తినరంట గదండీ. మా గిన్నెలు తగలనివ్వలేదులెండి" అంది. మేం వండుకున్న అన్నంలోకి ఏముందా అని చూస్తుంటే, ఉడకబెట్టిన కలువ దుంపలు, వలిచిన తామర గింజలు ఆకులో తెచ్చి మా ముందు పెట్టింది. పొద్దుటి నుంచీ నీళ్ళలో దిగి మాకోసమే తవ్విందట. దుంపలు చామదుంపల్లా ఉన్నాయి, ఇంకొంచెం తియ్యన. వరాలు నా వంతు కూడా తింది.

ఇక జరిగింది చెప్తాను.

తెల్లవారుతుండగా లేచేసరికి పక్కన వరాలు లేదు. చెంబు పట్టుకుని రేవుకు వెళ్ళాను. మంచు పొగలా ఉంది. రేవు పక్కన నీళ్ళలో సగం ముంచి, గుంజకు కట్టిన పెద్ద వెదురు బుట్ట ఉంది. ముత్తయ్యా అతని తమ్ముడు పోలయ్యా చాలా రోజులుగా పట్టిన కొరమేనుల్ని అందులో ప్రాణంతో ఉంచుతారు. చచ్చిన కొరమేనుకు ధర ఉండదు. ఇంకో రెండు రోజుల్లో ఏలూరు నుంచి వచ్చే వర్తకుడికి అవి అమ్మి బియ్యం, బట్టలు తెచ్చుకోవాలని రాత్రి నాగమ్మ చెబుతుంటే విన్నాను. ఆ బుట్ట మూత తీసి ఉంది. వరాలు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బుట్టను వంచి పట్టుకుంది. నేను చూస్తుండగానే ఆఖరి చేప నల్లగా మెలి తిరిగి నాచులోకి పోయింది.

"ఏం చేశావే!"

"అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి నాన్నా. వదిలెయ్యమని అడుగుతున్నాయి."

దాని మొహం వెలిగిపోతోంది. గబగబా దాన్ని ఎత్తుకుని వెనక్కి తెచ్చి, తడిసిన పరికిణీ మార్చి, "ఎవరితోనూ అనకు. నోరెత్తకు" అన్నాను. అది అర్థంకాక చూసింది.

కాసేపటికి రేవులోంచి నాగమ్మ కేక వినబడింది. ఇరుగుపొరుగు చేరారు. ముత్తయ్య ఖాళీ బుట్టను పైకి ఎత్తి చూస్తున్నాడు. నన్ను చూసి, "బాబుగారూ, తెల్లారగట్ల మీరు రేవుకొచ్చారంటండి. ఏదైనా చూశారాండీ?" అన్నాడు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. వాళ్ళ తిండి తిన్నాం, వాళ్ళ చాప మీద పడుకున్నాం, నా కూతురు వాళ్ళ కష్టం నీళ్ళపాలు చేసిందని ఇంతమంది ముందు ఎలా ఒప్పుకోవడం అనిపించింది. గూడెంలో నలుగురు నమస్కారం పెట్టే మనిషిని. నోటికి వచ్చేసింది మళ్ళీ.

"ఏదో నల్లగా ఈదుకుంటూ పోవడం చూశానయ్యా. నీటికుక్కలా ఉంది."

ముత్తయ్య మొహం మారిపోయింది. "పిల్లలున్నాయని జాలి తలిచాను చూడు" అని ఇంట్లోకి వెళ్ళి ఈటె తెచ్చాడు. పోలయ్య కుక్కను పిలిచి దోనె తాడు విప్పాడు. తల్లిని పొడిస్తే పిల్లలు అవే చస్తాయని ఎవరో అన్నారు.

నా చెయ్యి విదిలించుకుని వరాలు పరుగెత్తింది. ముత్తయ్య పంచె రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దండీ! అది కాదండీ! నేనే మూత తీశాను. దాన్ని చంపకండి. నేనేనండీ!"

"నువ్వా పాపా?"

"నేనే. నాన్న కూడా చూశాడు."

పోలయ్య దోనెలోనే ఆగిపోయాడు. రేవులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నావైపు చూశారు. ఒంటిమీద బట్ట జారిపోయినట్టు ఉత్తరీయం పైకి లాక్కున్నాను.

నాగమ్మ మెల్లగా అంది: "పిల్ల తెలీక చేసిందండి. మరి మీరండీ?"

నడుముకున్న సంచీ విప్పబోతే ఆవిడే ఆపింది. "డబ్బు మాట తరవాతండి. రేపొచ్చే ఆయనకి చేప కావాలి. మాకు చేతులు చాలవు. దోనెక్కండి."

నడుములోతు నీళ్ళలో

పుట్టిన తరవాత నేను చేపను తాకలేదు. చేపల బజారు వీధిలోంచి పోవలసివస్తే ముక్కు మూసుకునేవాణ్ణి. ఆ రోజంతా నడుములోతు నీళ్ళలో, అడుగున బురదలో కూరుకుపోతూ వల కొస పట్టుకుని నిలబడ్డాను. అన్నదమ్ములిద్దరూ అటునుంచి నీళ్ళు కొడుతూ చేపల్ని తోలుకొస్తారు. వలలో పడ్డది పట్టి బుట్టలో వెయ్యడం నా పని. మొదటి కొరమేను చేతిలోకి వచ్చినట్టే వచ్చి జారి, నా గుండెల మీద తోకతో కొట్టి పోయింది. వెనక్కి పడి మునిగాను. పక్క దోనెల్లో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. రెండోసారి జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగింది. చెయ్యి వాచింది. నాగమ్మ పసుపు నూరి కట్టింది. ఇది కూడా ఆవిడే చెయ్యాలా అని నాకు ఇంకా చిన్నతనమనిపించింది.

వరాలు దోనెలో ఆవిడ పక్కన కూర్చుంది.

"అవి నోళ్ళు తెరిచింది అడగడానికి కాదా అత్తా?"

"ఊపిరికమ్మా. కొరమేను పైకొచ్చి గాలి పీలుత్తాది, మనలాగే."

వరాలు నీళ్ళలోకి చూస్తూ, "అయితే నేను అడగకుండా తీసేశాను" అంది. కళ్ళు తుడుచుకుంది. నాగమ్మ దాని చేతికి ఒక కర్రముక్క ఇచ్చి దోనె అంచు మీద కొట్టమంది. చప్పుడుకు చేపలు బెదిరి వల వైపు పోతాయట. అది కొడుతూ కొడుతూ ఆ కొట్టుడుకు తగ్గట్టు మాటలు కట్టింది: "రా రా కొరమేనూ, రాకుంటే అత్తకు బువ్వేదీ." ఆ పాట అందుకుని పక్క దోనెలవాళ్ళు కూడా కొట్టారు. కాలవ ఒడ్డున చేపలతో స్నేహం చేసిన పిల్ల, వాటిని వలలోకి పిలుస్తూ పాడుతోంది. నా తప్పుకు అది జీతం చేస్తున్నట్టు అనిపించి తల వంచుకుని వల లాగాను.

సాయంత్రానికి బుట్ట సగం కూడా నిండలేదు. మర్నాడు వర్తకుడు వచ్చి ఉన్నవాటినే తీసుకుపోయాడు. తక్కినదానికి నేనివ్వబోయిన డబ్బు ముత్తయ్య తీసుకున్నాడు. వద్దనలేదు, దణ్ణమూ పెట్టలేదు. అలా తీసుకోవడమే నయమనిపించింది నాకు.

ఉప్పుటేరు

ఇక ముత్తయ్య మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్ళడనుకున్నాను. వర్తకుడు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే దోనె కడిగి, "పాపగారికి మాటిచ్చానండి" అన్నాడు. నన్ను బాబుగారూ అనడం మానేశాడు. "మీరు ఇటు జరగండి", "మీరు దిగండి", అంతవరకే. మర్యాదకు లోటు లేదు. అందులో ఉండే దగ్గరతనం పోయింది, అంతే.

కొల్లేటి నీళ్ళు ఉప్పుటేరులో పడి మెలికలు తిరుగుతూ పోతాయి. పోటు వేళ సముద్రం ఏటిలోకి ఎక్కి వస్తుంది, పాటు వేళ ఏరు సముద్రంలోకి లాగుతుంది. పోటు వచ్చినప్పుడల్లా గట్టుకు దోనె కట్టి కూర్చునేవాళ్ళం. వరాలు అడపాదడపా నీళ్ళలో వేలు ముంచి నాకేది. "ఇంకా చప్పగానే ఉంది." "ఇప్పుడు కొంచెం ఉప్పు." గట్ల మీద కలువలు పోయి మడచెట్లు వచ్చాయి. ఒక్క గిట్ట మాత్రం పెద్దగా ఉన్న ఎర్ర ఎండ్రకాయలు బురద మీద నిలబడి మమ్మల్ని రమ్మని పిలుస్తున్నట్టు గిట్టలు ఊపుతున్నాయి. మూడు రోజుల కిందటైతే వరాలు దోనెలోంచి దూకి ఉండేది. ఇప్పుడు అంచు పట్టుకుని చూస్తూ కూర్చుంది.

సముద్రం

చప్పుడే ముందు వచ్చింది. ఇసుక దిబ్బ ఎక్కేసరికి ఎదురుగా ఇంకేమీ లేదు, నీళ్ళే. నేనూ అప్పుడే మొదటిసారి చూస్తున్నాను. చిన్నప్పుడు చూశానని దానికి చెప్పి ఉన్నాను కనుక నోరు తెరిచి ఆశ్చర్యపడే హక్కు కూడా పోగొట్టుకున్నాను. అది మాత్రం నా చెయ్యి వదిలేసి నీటి అంచుదాకా నడిచి, అల వచ్చి పాదాలు తడిపితే అలాగే నిలబడిపోయింది.

తరవాత గవ్వలు ఏరింది. గాజులా కనబడే జెల్లీచేపను పుల్లతో తిప్పి చూసింది. వలలు ఆరేసినచోట ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తోంది. వరాలు దాని దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ముట్టుకోలేదు. చుట్టూ చూసి, దూరంగా వల బాగుచేసుకుంటున్న ముసలాయన దగ్గరికి వెళ్ళింది.

"ఏవండీ, ఆ తాబేలు మీదాండీ?"

"మాది కాదమ్మా. వలలో చిక్కుకుంటే తీసి పడేశారు."

"అయితే తిప్పుకోవచ్చాండీ?"

ఆయన నవ్వి లేచాడు. ఆయన, ముత్తయ్య, నేను పట్టి తిప్పాం. నా వాచిన చెయ్యి కలుక్కుమంది. తాబేలు కాసేపు ఊపిరి తీసుకుని, ఇసుకలో చక్రాల బండి పోయినట్టు గీతలు గీస్తూ నీళ్ళలోకి పోయింది. తల ఒక్కసారి పైకెత్తి మునిగింది.

వరాలు ముత్తయ్య పక్కకు చేరింది. ఏదో మెల్లగా చెప్పింది. అతను వంగి విన్నాడు. నేను వెనక ఉన్నాను. గాలికి నాకూ వినబడింది:

సముద్రానికి గుమ్మం లేదు.
ఎవరొచ్చినా కాళ్ళు కడుగుతుంది.

కొల్లేటికోట వదిలాక ముత్తయ్య నవ్వడం అప్పుడే చూశాను. "ఇంకోపాలి చెప్పండి పాపగారూ" అన్నాడు. అది మళ్ళీ చెప్పింది. నాకు చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేదు.

ఇంటికి

ముత్తయ్య తిరుగుదారిలో గట్టున మమ్మల్ని దింపి, వరాలు తల నిమిరి, నాకు చెయ్యెత్తి వెళ్ళిపోయాడు. ఉండి అనే ఊరి నుంచి బస్సులో వచ్చాం. దారిలో చక్రం గాలి పోయి దిగవలసి వచ్చింది. రోడ్డు పక్క వరిచేలలో మడికి నీళ్ళు పెడుతున్న ఒకావిడ వరాలుకు మజ్జిగ ఇచ్చింది. అది తాగే ముందు, "మీ పిల్లలకు ఉందాండీ?" అని అడిగింది.

ఇంటికి చేరాక మా ఇంటావిడ ఇద్దరికీ ఆకులు వేసి కూర్చోబెట్టింది. నా చేతి కట్టు చూసి, "ఏమైందండీ?" అంది. నేను గ్లాసు అందుకున్నాను.

వరాలు చెప్పడం మొదలుపెట్టింది. గూడబాతుల సంచీలు, నీటికుక్క పిల్లలు, మొలగంటలు, కలువ దుంపలు. చేపల బుట్ట మూత తీసిన సంగతి కూడా దాచలేదు. చేపలు అడగడం లేదనీ ఊపిరి పీల్చుకుంటున్నాయనీ, తనకు తెలియక తప్పు చేసిందనీ చెప్పి కాస్త ఏడ్చింది.

"అయ్యో తల్లీ! మరి వాళ్ళు ఏమన్నారే? నువ్వే తీశావని వాళ్ళకెలా తెలిసింది?"

వరాలు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. నావైపు చూడలేదు.

"ఆ ముక్క నాన్న చెబుతాడమ్మా" అంది.

మా ఇంటావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. గ్లాసు కింద పెట్టి, చెప్పాను.